వసీలా చదవని చీటీ

మొనాస్తీర్ రేవు దగ్గర మందుల షాపు నడిపే వసీలా, ఏ కొత్త క్రీము వచ్చినా ముందు తన మోచేతి మడతలో రాసుకుని ఒక రోజు చూసేది. అతి సన్నని వెండి రేణువులు కలిపిన నానో వెండి క్రీమునూ అలాగే చూసి, వలలు అల్లే మబ్రూకాకు ఇచ్చింది.

"నా చేతులు పగిలున్నాయే, పర్లేదా?"

"నేనే రాసుకున్నా పిన్నీ, ఏం కాదు."

వారం తిరిగేసరికి మబ్రూకా వాచిన వేళ్లతో వచ్చింది. "నేనే ఎక్కువ పూసుంటాలే తల్లీ, ఏమనుకోకు," అంది.

వసీలా అప్పుడు డబ్బాలోని చీటీ విప్పింది. చిట్లిన చర్మం మీద రాయకూడదని, అంత సన్నని రేణువులు లోపలికి దిగవచ్చని అందులో ఉంది. ఆమె ముఖం కందిపోయింది.

"తప్పు నాది పిన్నీ. చదవకుండా ఇచ్చాను," అని షాపులో అందరూ వింటుండగా చెప్పి, ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. దారంతా మబ్రూకా తననే ఓదారుస్తుంటే వసీలా తలెత్తలేకపోయింది.