సోషియాలజీకి వీసా

మా లక్సెట్టిపేటలో ఎవరైనా బయటికి పోతున్నామంటే "దుబాయా, మస్కటా?" అని అడుగుతారు. చదువుకోవడానికి పోతానని నేనంటే అది ఒక పట్టాన ఎవరికీ ఎక్కలేదు. కరీంనగర్‌లో సోషియాలజీ ఎం.ఏ. చేసి, అక్కడే ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెబుతున్న రోజులవి. విదేశీ చదువుల కన్సల్టెన్సీకి వెళితే, బల్ల వెనకున్న అతను నా సర్టిఫికెట్లు తిరగేసి, "మేడం, కంప్యూటర్స్ అయితే ఎన్ని కాలేజీలైనా చూపిస్త. గీ సోషియాలజీకి ఎవడిస్తడు వీసా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వి బయటికొచ్చి, బస్టాండ్ దాకా ఏడ్చుకుంటూ నడిచాను.

ఆ ఏడు నా అంతట నేనే యూరప్‌లోని యూనివర్సిటీలకు దరఖాస్తు చేసుకున్నాను. ఇంగ్లీషు పరీక్ష రాశాను. ఈ చదువు ఎందుకు కావాలో చెబుతూ వ్యాసం పంపమంటే, "సమాజసేవ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం" అని మొదలుపెట్టి, చదివిన పుస్తకాలన్నీ అందులో దించేశాను. అన్నిచోట్ల నుంచీ మర్యాదగా వద్దన్నారు. మా అన్నను మస్కట్ పంపిన అనుభవం ఉన్న బాపు నన్ను ఓదార్చాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఏజెంటును మార్చుదాం."

ఏజెంటే లేడని ఆయనకు ఎంత చెప్పినా నమ్మలేదు.

మళ్లీ దరఖాస్తు చేయాలంటే ఎం.ఏ.లో నాకు పాఠాలు చెప్పిన మేడం సిఫారసు కావాలి. ఆమె రిటైరై, సొంతూరు ఆదిలాబాద్‌లో ఉంటోంది. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు మాట్లాడే మనిషి. మొహం చెల్లకపోయినా బస్సెక్కి వెళ్లాను. ఆమె వసారాలో కూర్చుని నా వ్యాసం మొత్తం చదివింది.

"అగ పోరీ, గిది నువ్వే రాసినవా?"

"నేనే మేడం."

"నీకు తెలిసినయన్ని గింట్ల ఉన్నయి. నీకు తెల్వంది ఏందో ఒక్క లైను చూపెట్టు."

నేను కాగితాల వైపు చూశాను. అలాంటి లైను లేదు.

"తెల్వందాని కోసమే గద పోయేది? అన్నీ తెలిసినోళ్లకు సీటెందుకు?" అంటూ లేచి, జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల వడ్డించింది. "తెల్వంది ఏందో దొరికినంక ఫోన్ చెయ్. అప్పటిదాంక లెటర్ ఇయ్య."

కోపం వచ్చింది. రొట్టె మాత్రం కడుపునిండా తిన్నాను.

పత్తి చేతికొచ్చే వేళకు అన్న మస్కట్ నుంచి ఛుట్టీ మీద వచ్చాడు. అన్న లేనన్నాళ్లూ సేద్యమంతా మా వదినదే. కూలీలను పిలిచేది, ఎరువులు తెచ్చేది, బ్యాంకుకు పోయేది ఆమె. పత్తి కొనే సేటుతో ఆమె బేరమాడుతుంటే, పక్కింటివాళ్లు పనులాపి వినేవారు. ఆ రోజు అదే సేటు వచ్చి, గడపలో నిలబడ్డ వదినను దాటి, మంచం మీదున్న అన్న పక్కన కూర్చున్నాడు. "చెప్పు పటేలా, ఎంతకిస్తవు?"

అన్నకు ధర తెలియదు. వదిన వైపు చూశాడు. వదిన చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను వెనకే వెళ్లాను.

"ధర నువ్వు చెప్పొచ్చు గద వదినా?"

"మీ అన్న ఉన్నడు గద."

"అన్నకు తెల్వది గద!"

"తెల్వదనే, చాయ్ ఇచ్చేటప్పుడు చెవుల చెప్పొస్త," అని నవ్వింది.

"ఎందుకట్ల?"

చాయ్ పొంగుతుంటే ఆమె మంట తగ్గించింది. "గదే నాకు సమజ్ కాలే పిల్లా. మొన్నటిదాంక నేనే మాట్లాడిన. ఆయన రాంగనే నోరు ఎందుకు లేస్తలేదో. నువ్వు చదివినవు గద, నువ్వే చెప్పు."

నేను చదివిన పుస్తకాలన్నీ గల్ఫ్‌కు పోయినవాళ్ల గురించి, ఇక్కడ మిగిలినవాళ్ల గురించి చెప్పాయి. మగవాళ్లు ఛుట్టీకి వచ్చిన ఆ కొద్ది నెలల్లో ఇంటి పెత్తనం ఎలా చేతులు మారుతుందో, వాళ్లు తిరిగి పోయాక ఆడవాళ్లు దాన్ని ఎలా తిరిగి తీసుకుంటారో నేనెక్కడా చదవలేదు. పెరట్లోకి వెళ్లి మేడంకు ఫోన్ చేశాను. మొత్తం విని, "ఇగ రాయి. లెటర్ నేనిస్త," అంది.

ఈసారి వ్యాసం వంటింట్లోనే మొదలైంది. సమాజసేవ ఊసే లేదు. కొన్ని వారాలకు నెదర్లాండ్స్ నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. మధ్యాహ్నం మా ఇంట్లోనే ఫోన్‌ను గోడకు ఆనించి కూర్చున్నాను. అవ్వ గ్రైండర్ ఆపింది. ఎవరూ లోపలికి రాకుండా వదిన గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

తెరమీద ఇద్దరు ప్రొఫెసర్లు. "సొంత ఇంటి గురించి పక్షపాతం లేకుండా ఎలా రాస్తారు?" అని ఒకాయన అడిగాడు.

"రాయలేను. అందుకే నన్ను ఎవరూ ఎరగని, చెన్నూరు వైపు ఊళ్లకు పోతాను. ప్రశ్న మా ఇంట్లో పుట్టింది. జవాబు అక్కడ వెతుకుతాను."

"ఆ ఆడవాళ్లకు చెప్పడం ఇష్టం లేకపోతే?" అని రెండో ఆమె అంది.

"మా దగ్గర వద్దని మొహం మీద చెప్పరు. చాయ్ పోసి, ఊళ్లో సంగతులన్నీ చెప్పి, అడిగింది మాత్రం దాటేసి పంపిస్తారు. నేను చాయ్ తాగి, మళ్లీ పోతాను."

ఇద్దరూ పెద్దగా నవ్వారు. ఆ తర్వాత ఏం అడిగినా ఎదురింటివాళ్లతో మాట్లాడినంత ధీమాగా మాట్లాడాను.

ఎండలు మొదలయ్యాక, కాలేజీ స్టాఫ్ రూంలో ఉండగా మెయిల్ వచ్చింది. సీటూ, పూర్తి స్కాలర్‌షిప్పూ. నేను వేసిన కేకకు పక్క గదిలో పాఠం ఆగిపోయింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే బాపు నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. "ఫీజు లేదు, రూముకు వాళ్లే, తిండికి వాళ్లేనా? గిసొంటి కంపెనీ మన ఊళ్లె ఎవలకూ దొరకలే బిడ్డా!" వదిన ఫోన్ లాక్కుని, "మా గురించి చదువుతందుకు గంత పైసలిస్తరా?" అంది. అప్పటికే మస్కట్ తిరిగిపోయిన అన్న వీడియో కాల్ చేశాడు. "చెల్లె, నా పేరు రాస్తవా?" రాయనన్నాను. "మంచిది. పత్తి ధర తెల్వదని అసలే రాయకు."

స్వీటు డబ్బా పట్టుకుని ఆదిలాబాద్ పోయాను. గేటు తీస్తూనే మేడం నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆపైన గోడ మీదుగా పక్కింటివాళ్లందరినీ పిలిచి, మరాఠీలో నా గురించి ఏమేమో చెప్పింది. నాకు అర్థమైనంతలోనే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తిరుగు బస్సు ఉట్నూరు, జన్నారం మీదుగా అడవిలోంచి వస్తుంది. ఉట్నూరులో ఒక పెద్దమ్మ తునికిపండ్ల గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. సంతోషాన్ని లోపల దాచుకోవడం నా వల్ల కాలేదు. ఆమె అడగకుండానే, విదేశంలో నాకు సీటొచ్చిందని చెప్పాను.

"ఏం చదువు బిడ్డా?"

"మనుషులు ఎట్ల బతుకుతరో, ఎందుకట్ల బతుకుతరో చదువుడు పెద్దమ్మా."

ఆమె నన్ను జాలిగా చూసింది. "గా చదువు ఈడ లేదా?"

"ఉంది. గని వాళ్లయితే పైసలిచ్చి చదివిస్తున్నరు."

"గట్లయితే పో," అంది వెంటనే. గంప మీది గుడ్డ తీసి, నా దోసిలి నిండా పండ్లు పోసింది. "తిను, తిను. ఆడ గివి దొరుకయి."