నీళ్లు వంచిన నికెల్

మా నాయన కొట్లో పెరిగినవాణ్ణి. తడి చింతపండు దిగితే ముందు గోనెపట్ట మీద ఆరబోయడం, ఆ తర్వాతే తూకం. అంతకు మించి నాకు చదువు అంటలేదు. అదంతా మా చెల్లెలికి అంటింది. కడప బయట రేకుల షెడ్డులో ఆమె వేరుశనగ పొట్టును ఆవిరితో ఉడికించి ఒక ద్రవం తీస్తుంది. దానికి నికెల్ పొడి తగిలించి, జిగురు తయారుచేసేవాళ్లు కొనే రసాయనంగా మారుస్తుంది. ఆ పొడి తాను ఖర్చు కాదు, పక్కవాటిని తొందరపెడుతుంది, అంతే. ఇంట్లో నేను చేసేదీ అదే కాబట్టి కొనుగోళ్లు నాకు అప్పజెప్పింది.

మొన్న ఎండాకాలం ఆ పొడి రెండు డబ్బాల్లో వచ్చింది. మూత తీస్తే పైన నీళ్లు, అడుగున బూడిదరంగు బురద.

“నికెలుకు దుడ్డిస్తాండా, నీళ్లకు కాదప్పా,” అన్నాను వ్యాన్ డ్రైవరుతో.

“అది అట్లే వస్తాదంటన్నా. నువ్వు పెండ్లిచూపుల్లో పిల్లను గూడా కాటా ఎక్కిస్తావు,” అని నవ్వాడు.

నేనూ నవ్వుతూనే ఒక డబ్బా నీళ్లు వంచేసి బురదను గోనెపట్ట మీద పరిచాను. రెండోది సగం వంచాను. అవతలే పొట్టు కుప్ప, నాకంటే ఎత్తు.

వడగాలికి బురద అంచులు ఆరాయి. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. అయినా అంచున ఎర్రటి చుక్క ఒకటి పాకింది. గోనె కాలిన వాసన. వేలితో నలుపుదామని వంగాను.

“అన్నా, ముట్టొద్దు!” చెల్లెలు షెడ్డులోంచి ఉరికొచ్చింది. “నీళ్లు యాడ?”

“వంచేసినా.”

“ఆరితే గాలికే అంటుకుంటాది అది!”

ఆమె పారతో ఇసుక ఎత్తి పోస్తోంది. డ్రైవరు అప్పటికే వ్యాన్‌ను గేటు దాటించాడు. ఒక రవ్వ పొట్టు వైపు దొర్లింది. కుప్ప వెనక బాయిలరు, దాని పక్కన ద్రవం నిండిన డ్రమ్ములు. రవ్వ మీద చెప్పుకాలు వేశాను. ధైర్యంతో కాదు, పారిపోబోయిన కాలు అక్కడ పడింది.

ఇసుక కింద పొగ ఆగింది. చెల్లెలు నన్ను తిట్టలేదు. తిట్టకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది.

“రెండోది?” అంది.

ఎండలో మూత లేకుండా ఉంది. ఒంపినప్పుడు ఒక పక్కకు ఒరిగిన బురద నీళ్లపైన గుట్టలా కనిపిస్తోంది. బకెట్‌తో దగ్గరికి పోయి చెంబుతో పోశాను.

“మునిగిందా?”

“మునిగింది,” అన్నాను. ఇంకో చెంబు పోశాను.