పద్దెనిమిది బొమ్మల వెనక

ఇప్పుడు ఏ కాగితం చేతికొచ్చినా ఆమె మొదట వెనక్కి తిప్పి చూస్తుంది. కూరగాయల చీటీ అయినా, బస్సు టిక్కెట్టయినా, పెళ్ళి పిలుపయినా అంతే. వెనక ఏమీ లేదని తేలాకే ముందువైపు చదువుతుంది. ఒకసారి పుట్టినరోజుకి భర్త ఇచ్చిన కార్డునీ అలాగే తిప్పింది.

"వెనక ధర ఉంటుంది. అది నేను ముందే చెరిపేశాను," అన్నాడాయన.

ఆమె పసిపిల్లల బడిలో టీచరు. ప్రభుత్వం నడిపే బడి. మూడేళ్ళు నిండి ఐదేళ్ళు దాటని పిల్లలు వస్తారు. ఒక పెద్ద గది, దాని పక్కన చిన్న వంటగది, వెనక రెండు కొళాయిలు. గోడకి తక్కువ ఎత్తులో వరసగా కొక్కేలు, వాటికి సంచులు. ప్రతి కొక్కెం మీదా ఒక బొమ్మ అంటించి ఉంటుంది: గొడుగు, కుందేలు, చెంచా. చదవడం రానివాళ్ళు బొమ్మను బట్టి తమ చోటు తెలుసుకుంటారు.

బిడ్డను చేర్చుకునేటప్పుడు ఒక కుటుంబ పత్రం నింపాలి. ఇంట్లో ఎవరెవరుంటారు, బిడ్డకి ఏది పడదు, సాయంత్రం ఎవరొస్తే పంపాలి, ఎవరొస్తే పంపకూడదు. తల్లులు చెబుతారు, ఆమె రాస్తుంది. మొదట పొడిపొడిగా చెబుతారు. కొంతసేపటికి కుర్చీ ముందుకి జరుపుకుంటారు. కుర్చీ జరిగిన చప్పుడు వినగానే ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వస్తుంది. అప్పుడు అసలు మాటలు వస్తాయి.

గడియారాలు బాగుచేసే ఆయన, ఆయన భార్య అలాగే వచ్చారు. భార్య బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుడుతుంది. వెంట మూడేళ్ళ పాప.

"మీ వైపు గానీ ఆయన వైపు గానీ ఉబ్బసం, మూర్ఛ లాంటివి ఉన్నాయా?" అని టీచరు అడిగింది.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. పాపని బయట ఆయా దగ్గర కూర్చోబెట్టి వచ్చాక కుర్చీ జరిగింది.

"తెలీదండీ. మాకు తెలిసే వీల్లేదు," అంది భార్య. ఇరవై రోజుల పిల్లగా ఉన్నప్పుడు పాపని తెచ్చుకున్నారు. చట్టప్రకారం, కాగితాలతో. "దానికి మేమే చెప్పాలి టీచరుగారూ. ఇంకొకళ్ళ నోటి మీదుగా వినకూడదు. ఎప్పుడు, ఎలా అన్నదే తేలడం లేదు."

టీచరు రాసుకుంది. "ఈ గది దాటదు," అంది.

మరుసటి ఏడు చెక్క బీరువాకి చెదలు పట్టింది. మందు కొట్టేవాడు వస్తానన్నాడు. ఆమె అడుగు అరలోని కట్టలన్నీ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అందులో నిరుటి కుటుంబ పత్రాలు ఇరవై నాలుగు. ఏడాది తిరగ్గానే ఆఫీసుకి పంపేయాల్సినవి. పంపడానికి ఒక సంతకం కావాలి, సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. కట్ట అలాగే ఉండిపోయింది.

ఆ గట్టు మీదే బొమ్మల కాగితాల కట్ట కూడా ఉంటుంది. ఆఫీసులో ఒకవైపు అచ్చయి పనికిరాకుండా పోయిన కాగితాల్ని బడికి పంపుతారు. పిల్లలు రెండోవైపు బొమ్మలు వేస్తారు. రెండు కట్టలకీ ఒకే రకం నీలం దారం.

ఆ ఉదయం ఒక పిల్లవాడికి జ్వరం వచ్చింది. వాణ్ణి వాళ్ళమ్మకి అప్పగించడానికి ఆమె వీధి చివరిదాకా వెళ్ళింది. పిల్లలు బొమ్మలకి తొందర పెడుతున్నారు. ఆయా గట్టు మీది కట్ట విప్పి తలా ఒకటి పంచింది. ఆయాకి చదువు రాదు. టీచరు తిరిగొచ్చేసరికి పిల్లలు నేల మీద బోర్లా పడుకుని రంగులు రుద్దుతున్నారు. గది ప్రశాంతంగా ఉంది. ఆమెకి సంతోషం కూడా వేసింది.

పిల్లలు వెళ్ళిపోయాక ఊడుస్తుంటే ఒక కాగితం దొరికింది. నీలం చేప. దండేనికి తగిలిద్దామని తీసింది. వెనక తన చేతిరాత.

ఆమె కూర్చోలేదు. గట్టు మీది కట్ట లెక్కపెట్టింది. ఐదు మిగిలాయి. చేపతో ఆరు. జ్వరం పిల్లవాడు పోగా ఆ రోజు బొమ్మలు వేసినవాళ్ళు పంతొమ్మిది మంది. పద్దెనిమిది ఇళ్ళకి పద్దెనిమిది కాగితాలు వెళ్ళాయి, ఏ ఇంటికి ఎవరి కాగితం వెళ్ళిందో తెలియదు. దొరికిన ఆరింటిలో గడియారాలాయన పత్రం లేదు.

ఆయా చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "నాలుగక్షరాలు వచ్చుంటే ఇంత పని చేసేదాన్ని కాదమ్మా."

"నీకు చదువు రాదని తెలిసీ కట్ట అక్కడ పెట్టింది నేను అక్కా. ఏడవకు. చెప్పులు వేసుకో."

"ఏం చెప్పి అడుగుతాం? బొమ్మల పోటీ పెట్టామని చెబుదామా?"

"రేపు పద్దెనిమిది మందీ బహుమతి ఏదని అడిగితే ఎవరిస్తారు, నువ్వా?"

దారిలో ఇంటి దగ్గర ఆగారు. భర్త ప్రెస్సులో బైండరు. పుస్తకాలు కోయగా మిగిలిన తెల్లకాగితాలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. ఆమె సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన పద్దెనిమిది లెక్కపెట్టి, ఆగి, ఇంకో నాలుగు కలిపాడు.

"పిల్లలు ఒకటి పాడు చేయకుండా ఒకటి వేస్తారా ఏంటి," అన్నాడు.

మొదటి ఇల్లు బస్సు కండక్టరుది. బొమ్మ పడవైపోయి బకెట్లో తేలుతోంది. సిరా కరిగి నీళ్ళు నీలంగా ఉన్నాయి. ఆమె పడవని పిండి రుమాల్లో చుట్టుకుంది. కండక్టరు వింతగా చూశాడు.

"పొరపాటున ఇచ్చిన కాగితాలండీ. అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను," అంది. ప్రతి గుమ్మంలోనూ అదే మాట. ఒక అక్షరం కలపలేదు, ఒకటి తీయలేదు.

ఐదో ఇంట్లో ఒక పాప కాగితాన్ని గుండెకి అదుముకుని మంచం కిందికి దూరింది. "ఇది నా ఏనుగు!"

"ఏనుగు నీదే తల్లీ. కాగితం నాది."

"అయితే ఏనుగుని తీసి కాగితం పట్టుకెళ్ళు."

పాప నాయనమ్మ పకపకా నవ్వింది. "పిల్లల బొమ్మలు జప్తు చేసే టీచర్ని ఇప్పుడే చూస్తున్నానమ్మా. ఏ కాలానికొచ్చాం!"

టీచరు నేల మీద చతికిలబడి తెల్లకాగితం పరిచింది. కొత్త ఏనుగు వేయించడానికి అరగంట పట్టింది. తొండం దగ్గర పాపకి రెండుసార్లు నచ్చలేదు. ఆయా గుమ్మంలో నిలబడి కాళ్ళు మార్చుకుంటూనే ఉంది. టీచరు తొందరపెట్టలేదు. పాత ఏనుగు చేతికొచ్చాకే లేచింది.

ఎండ గోడల మీదికి ఎక్కేసరికి పదిహేడు దొరికాయి. గడియారాలాయన పత్రం వాటిలో లేదు.

మిగిలింది పాల దుకాణం. దుకాణం నడిపే ఆవిడ మనవరాలు బడికి వస్తుంది. ఆవిడని వీధంతా రేడియో అంటారు. ఎదురుగా కూడా అంటారు, ఆవిడ ఏమీ అనుకోదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

పాల డబ్బాల వెనక గోడకి ఒక ఎర్ర ఇల్లు అంటించి ఉంది. నాలుగు మూలలా మైదా జిగురు.

"రావమ్మా టీచరూ! చూశావా మా పిల్ల కట్టిన మేడ? మా ఆయన ముప్ఫై ఏళ్ళలో కట్టలేకపోయాడు, ఇది ఒక్క పూటలో కట్టేసింది."

"ఆ కాగితం నాకు కావాలండీ. పొరపాటున ఇచ్చాను."

రేడియో గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడం టీచరు ఎప్పుడూ వినలేదు. "వెనక ఉన్నదాని కోసమేనా?"

టీచరు గోడ దగ్గరికి నడిచింది.

"జిగురు రాసేటప్పుడు కంటబడిందమ్మా. కావాలని చదవలేదు. నేనెవరికి చెబుతాను? మా తోడికోడలికి ఫోన్లో అన్నానంతే. అది ఈ ఊళ్ళోనే ఉండదు." ఆవిడ గల్లా పక్కన చేతులు తుడుచుకుంది. "ఎంత ముద్దుగా చూసుకుంటారో, పాపం. రోజూ ఏడింటికల్లా పాలకి వస్తారుగా తండ్రీ కూతుళ్ళు. పిల్ల ఆయన భుజం దిగదు. పాపం, సొంతవాళ్ళయినా అలా చూడరు."

ఆ 'పాపం' విన్నాక టీచరుకి అర్థమైంది. రేడియోకి చెడ్డ మనసు లేదు. రేపు ఏడింటికి ఆ పాప బుగ్గ నిమిరి, ఈ మాటే, ఈ గొంతుతోనే అంటుంది.

"తడిగుడ్డ ఉందా?" అని అడిగింది.

కాగితం చిరగకుండా తీయడానికి చాలాసేపు పట్టింది. గోడ మీద రెండు పంక్తులు అద్దంలో కనిపించినట్టు తిరగబడి అంటుకున్నాయి. వాటిని కూడా తుడిచింది.

"నా మీద కోపమా టీచరూ?"

"మీ మీద కాదండీ. తప్పు నాది. మీరు ఒక్క సాయం చెయ్యండి. రేపు వాళ్ళొస్తే పాలు పోసి పంపండి. అంతే."

"అంతేనమ్మా. నేనెందుకంటాను?" అంది రేడియో. అప్పటికే పక్క దుకాణం మెట్ల మీద ఎవరో వచ్చి నిలబడి, గోడకి ఏమైందని అడుగుతున్నారు.

బడికి తిరిగొచ్చి ఆమె సూపర్‌వైజరుకి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు.

"కాగితాలన్నీ దొరికాయంటున్నావుగా. మరి ఏమైందని?"

"ఒకటి చదివారండీ. ఆ తల్లిదండ్రులకి చెప్పాలి."

"చెబితే ఊరుకుంటారా? నీ మీదికీ వస్తుంది, నా మీదికీ వస్తుంది. ఏదీ రాతలో పెట్టకు. నాలుగు రోజులు పోతే అదే సద్దుమణుగుతుంది."

"పాపకి రేపు ఏడింటికి తెలిసిపోతుందండీ. నాలుగు రోజుల్లేవు. పొద్దున చెప్పేసి, సాయంత్రం మీకు ఉత్తరం రాసిస్తాను. నా పేరు మీదే."

"నీ ఇష్టం. నేను వద్దన్నానని గుర్తుంచుకో," అని పెట్టేశాడు.

ఆయా వంటగది తలుపు వేస్తూ అంది. "ఉద్యోగం పోతే?"

"పోతే పోతుంది. పాపకి ఆ మాట పాల దుకాణంలో తెలియకూడదు."

"అయితే ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యమ్మా."

"తల్లి ఫ్యాక్టరీ నుంచి పది దాటితే గానీ రాదు. ఇంట్లో తండ్రీ పాపా ఒక్క గదిలో ఉంటారు. దాని ఎదుట ఎలా చెప్పను? ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పాలి."

మర్నాడు ఆరున్నరకి ఆమె గడియారాల దుకాణం పక్క మెట్లెక్కింది. కింద దుకాణం, పైన ఇల్లు. తల్లి పాపకి జడ వేస్తోంది. తండ్రి చేతిలో పాలగిన్నె ఉంది.

"టీచర్! ఇవాళ బడి మా ఇంట్లోనా?" అంది పాప.

"కాదురా. మీ అమ్మానాన్నలతో పనుంది. పాలకి కాసేపాగి వెళ్దురుగాని," అంది, తండ్రి వైపు చూస్తూ.

ఆయన ఏమీ అడక్కుండా పాపని వసారాలో మొక్కలకి నీళ్ళు పోయమని పంపాడు. ఆమె కూర్చోలేదు. రాత్రంతా కూర్చుకున్న మాటల్లో నాలుగే మిగిలాయి.

"మీరు నాకు చెప్పిన సంగతి బయటికి వెళ్ళింది. తప్పు నాది." కాగితం ఎలా పోయిందో, ఎవరు చదివారో, ఎవరికి ఫోన్లో చెప్పారో చెప్పింది. "ఇంకెవరికి తెలుసో నాకు తెలీదు." కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

తల్లి దాన్ని ముట్టుకోలేదు. "గది దాటదన్నారు మీరు."

"అన్నాను."

వసారాలో పాప మొక్కలతో ఏదో మాట్లాడుతోంది. తండ్రి పాలగిన్నె వైపు చూశాడు. "ఇప్పుడు నేను పాలకి వెళ్ళుంటే..." అని ఆగిపోయాడు.

"అందుకే ఇంత పొద్దున్నే వచ్చాను."

తల్లి చాలాసేపు దువ్వెన పళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది. తర్వాత భర్తతో అంది. "ఏడాదిగా వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటున్నాం. ఇవాళే చెబుదాం. ఆ నీళ్ళు చాలు, లోపలికి పిలవండి."

పాప తడి చేతులతో వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుంది. రెండో జడ ఇంకా వేయలేదు. తండ్రి గిన్నె పక్కన పెట్టి నేల మీద వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. తల్లి తలెత్తి టీచరుని చూసింది. ఆ చూపులో కోపం తగ్గలేదు. అయినా అడిగింది.

"మీరూ ఉంటారా? నాకు మాట రాకపోతే..."

"వస్తుందమ్మా. అది మీ ముగ్గురి సంగతి. నేను వినకూడదు."

ఆమె బయటికొచ్చి తలుపు వేసింది. గుమ్మం దగ్గర నిలబడితే మాటలు వినిపిస్తాయని మెట్లు దిగి సగంలో ఆగింది. అప్పుడే కింద నుంచి ఒకాయన గోడగడియారం చంకలో పెట్టుకుని ఎక్కుతున్నాడు.

"దుకాణం ఇంకా తెరవలేదేంటమ్మా? ఆయన ఇంట్లోనే ఉన్నాడా?"

"ఉన్నారు. కాసేపాగి రండి."

"నేను పనికి పోవాలి. ఇది ఇచ్చేసి వెళ్తాను. లోపలేమైనా జరిగిందా?"

"ఏం జరిగినా వాళ్ళే చెబుతారు. కాసేపాగండి."

ఆయన పక్కనుంచి వెళ్ళబోయాడు. ఆమె మెట్టు మధ్యకి జరిగింది. ఆయన ఆమెని, మూసిన తలుపుని చూసి, గొణుక్కుంటూ గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె ఉన్నచోటే, సగం మెట్ల మీద, తలుపు వైపు వీపు తిప్పి కూర్చుంది.