బాపు నామంజూరు చేసిన నోటీసు

జనగామలో నాకు ఇల్లు దొరకడానికి పదిహేను రోజులు పట్టింది. మాది మహబూబాబాద్ దగ్గరి తండా. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. జనగామ ప్రైవేటు బడిలో టీచరుగా కుదిరి, ట్రంకుపెట్టెతో బస్సు దిగాను. మూడిళ్లవాళ్లు ఊరేదని అడిగారు. తండా అనగానే గది ఇంకెవరికో ఇస్తామని మాటిచ్చామన్నారు. నాలుగో ఇంటాయన ఊరు అడగలేదు. "సంతకం తెలుగుల చేస్తవా, ఇంగ్లీషులనా?" అని అడిగారు.

ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పెరటివైపు ఒక్క గదికి నాలుగు పేజీల ఒప్పందం రాశారు. గోడకు మేకు కొట్టాలన్నా ముందు అడగాలి. ఇల్లు ఖాళీ చేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా తెలపాలి. "నోటితోని చెప్తే చెల్లది బిడ్డా, కాగితం ఉండాలె" అన్నారు. వారం తిరగకముందే ఆయన్ని బాపు అనీ, ఆయన భార్యను అవ్వ అనీ పిలుస్తున్నాను. వాళ్లకు పిల్లలు లేరు. అవ్వ సర్వపిండి చేసిన రోజు నా గది తలుపు తప్పకుండా చప్పుడయ్యేది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. చౌరస్తాలో దీక్షల టెంటు వేశారు. బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, ఆఫీసుకు పోయినట్టే రోజూ టెంటుకు పోయేవారు. పోయి వెనక వరుసలో కూర్చునేవారు. మైకు చేతికిస్తే పక్కాయనకు అందించేవారు. "నాకు కోర్టు మాటలు తప్ప ఇంకేం రావు" అనేవారు ఇంటికొచ్చి.

నేను అక్కడ చేరిన మూడో ఏడు సర్కారు ఉద్యోగానికి ఎంపికయ్యాను. భూపాలపల్లి దిక్కు, టేకుమట్ల దగ్గరి బడి. వచ్చే నెలలో చేరాలి. ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద నోటీసు రాశాను. "అయ్యా, తమరి గృహమునందు అద్దెకు నివసించుచున్న నేను సదరు గృహమును ఖాళీ చేయదలచితినని విన్నవించుకొనుచున్నాను" అంటూ, గుమాస్తాగారికి తగ్గట్టు ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి చేతికిచ్చాను.

బాపు కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివారు. కాగితం మడిచి తిరిగి నాకే ఇచ్చారు.

"నామంజూర్."

"తేదీ తప్పు పడ్డదా బాపూ?"

"తేదీ మంచిగనే ఉన్నది. గిది రాసింది నువ్వు గాదు."

"నేనే రాసిన!"

"నలభై ఏండ్లు గిసుంటి కాగితాలే రాసిన బిడ్డా. ఒక్కదాంట్ల గూడ మనిషి కనవడడు. రోజూ టెంట్ల కూసోని ఇంటున్న గదా, మన మాట మనకెందుకు నామోషి అని. నువ్వు నాతోని ఎట్ల మాట్లాడ్తవో గట్లనే రాయి. అప్పుడే మంజూర్."

గదిలోకి వచ్చి కూర్చున్నాను. పెన్ను కదలలేదు. మా ఇంట్లో భాష వేరు. ఈ తెలుగును నేను మానుకోట అంగళ్లలో, బస్సుల్లో నేర్చుకున్నాను. బడిలో ఎవరైనా పిల్ల "నేను పోయిన టీచర్" అంటే "వెళ్లాను అనాలి" అని దిద్దిందీ నేనే. చివరికి ఇలా రాశాను:

"బాపూ, నాకు సర్కారు కొలువు దొరికింది. వచ్చే నెల మీ ఇల్లు ఖాళీ చేస్త. మీ ఇంట్ల ఉన్నన్ని రోజులు మా తండా యాదికి రాలేదంటే అబద్ధమైతది, మస్తు వచ్చింది. అవ్వ పిలిచి అన్నం పెట్టిన రోజు జర తక్కువొచ్చింది. నేను పోయినంక గది ఎవ్వలకన్న ఇయ్యిండ్రి గని, ఊరు అడగకుంట ఇయ్యిండ్రి."

బాపు చదివారు. కింద "మంజూర్" అని రాసి సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున బడికి పోతూ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి మైకులో బాపు గొంతు. వణుకుతూ మొదలై, పోను పోను గట్టిపడుతోంది. ఆయన చదువుతున్నది నా నోటీసు! జనం చప్పట్లు కొడుతున్నారు. సిగ్గుతో పక్క సందులోంచి బడికి పరుగెత్తాను. ఆ రోజు నుంచి బాపు చేతిలో మైకు పడితే కింద పెట్టించడం కష్టమైంది.

ఖాళీ చేసే రోజుకు మా అమ్మ, మా భాషలో యాడి, తండా నుంచి వచ్చింది. ముందటి సాయంత్రమే, తెల్లారి బండ్లన్నీ ఆపి రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు అని చాటింపు వేశారు. ఖాళీ చేసిన మర్నాడు పొద్దునే నేను ఉద్యోగంలో చేరాలి, ఆగలేను. తెల్లారగానే ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించి బయల్దేరాం. చౌరస్తాలో బండికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది ఎవరనుకున్నారు? బాపే.

"బాపూ, నేను!"

"నువ్వని ఎరికే. గని ఇయ్యాల ఎవ్వల బండీ పోదు. మాపటీలి దాంక ఆగు." అంతటితో ఊరుకోక ట్రాలీలోకి తొంగి చూశారు. "గా పెద్ద గంజు దించుండ్రి. పప్పుకు గంజు సాల్తలేదు."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. మా గంజు దిగింది, గరిటెలు దిగాయి, చివరికి యాడి కూడా దిగింది. మూడేళ్లలో ఎన్నిసార్లు వచ్చినా, ఎంత పిలిచినా, యాడి అవ్వ ఇంటి గడప దాటి వంటింట్లోకి పోలేదు. తండావాళ్లు లోపలికి రావద్దని ఎవరో ఎప్పుడో ఎక్కడో అన్న మాట ఆమె కాళ్లను పట్టుకునేది. ఆ రోజు నడిరోడ్డు మీద గడప లేదు. అవ్వ గరిటె అందించి, "వదినే, జర కలుపు, నా చెయ్యి గుంజుతున్నది" అంది. యాడి కొంగు దోపుకొని కలిపింది. కారం తక్కువైందని తనే ఇంకో గుప్పెడు వేసింది.

తిన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ మళ్లీ పెట్టించుకున్నారు. భోజనాలయ్యాక యాడి పాట ఎత్తుకుంది, మా తండాలో పెళ్లికి పాడేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆడవాళ్లంతా చుట్టూ చేరి చప్పట్లు చరుస్తూ తిరిగారు. ఆ వరసలో అవ్వ, అవ్వ వెనక నేను. మా డ్రైవరు కూడా కిరాయి సంగతి మరిచి డప్పు అందుకున్నాడు.

ఎండ వాలాక రోడ్డు తెరిచారు. బాపు బండి పక్కనే కొంత దూరం నడిచారు, అందరినీ దారి ఇమ్మని మైకులో కేక వేసినంత గట్టిగా అరుస్తూ. పరకాల దాటేదాకా యాడి ఆ పాటే కూనిరాగం తీసింది. రాత్రి బాగా పొద్దుపోయాక టేకుమట్ల చేరాం. కొత్త ఇంటామె దీపం పట్టుకొని బయటికొచ్చి, "గింత ఆల్శమైందేంది బిడ్డా?" అంది. చెప్పడం మొదలుపెట్టాను. సామాను దించకుండానే ముగ్గురం మెట్ల మీద కూర్చుండిపోయాం.