చిన్నాన్న ఫైరింజనుకు వేసిన రంగు

పాత ఫైరింజన్లను ఫొటోలు తీయడానికి మనుషులు ఊళ్లు పట్టుకు తిరుగుతారని నాకు నలభై దాటాకే తెలిసింది. ఏడో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినవాణ్ణి. ఇలాంటివి ఎనిమిదిలో చెబుతారు కాబోలు. మా రైల్వే ఊళ్లో, ప్రేమ్ బజార్‌లో నా సైకిల్ షాపు ముందు కలకత్తావాళ్లు నలుగురు టీ తాగుతున్నారు. మెడల్లో ఊదుగొట్టాల్లాంటి కెమెరాలు. ఈ చుట్టుపక్కల పాత ఫైరింజను ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది, మా చిన్నాన్న దాన్ని పిన్నికంటే బాగా చూసుకుంటాడు అన్నాను.

చిన్నాన్న ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టాడు. అందరిలా రైల్వేలో దూరలేక, ఊరి బయట మిల్లులో ఫైరింజను డ్రైవరయ్యాడు. నిజం చెప్పాలంటే ఆ బండి మంటలమీదకన్నా మేనేజరుగారి గులాబీలమీదే ఎక్కువ నీళ్లు పోసింది. మిల్లు మూతపడ్డాక చిన్నాన్న అక్కడే కాపలాకి మిగిలాడు, షెడ్డులో బండీ మిగిలింది. ఇప్పుడు ఆ స్థలం అమ్ముడైంది. కొత్త యజమాని మనిషి వచ్చి, దుర్గాపూజలోగా షెడ్డు ఖాళీ కావాలి, బండి తుక్కుకు పోతుంది అని చెప్పి వెళ్లాడు. ఆ రోజు నుంచీ చిన్నాన్న కంచం ముందు కూర్చుని తినకుండానే లేస్తున్నాడని పిన్ని అంది.

నలుగురినీ షెడ్డుకి తీసుకెళ్లాను. బండిని చూడగానే నలుగురూ కెమెరా మూతలు తీసేశారు. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్, కర్ర నిచ్చెన, ఇత్తడి గంట, తలుపుమీద వెలిసిపోయిన బెంగాలీ అక్షరాలు. చిన్నాన్న గుడ్డ తీసుకుని దుమ్ము తుడవబోతే గభాల్న చెయ్యి పట్టుకుని ఆపారు. నేలమీద పడుకుని మరీ తుప్పుని ఫొటోలు తీశారు. తుప్పుకి ఇంత గిరాకీ అని తెలిస్తే నా షాపుకి టికెట్ పెట్టేవాణ్ణి అన్నాను. ఎవరూ నవ్వలేదు. వెళ్లేముందు వాళ్లలో పెద్దాయన, తనకు తెలిసిన ఒకాయన పాత బండ్లు కొని దాచుకుంటాడని, వచ్చే ఆదివారం తీసుకొస్తానని, ఆయనకి నచ్చితే దీన్ని తుక్కుకి పోనివ్వడని చెప్పాడు. చిన్నాన్న ఆయనకి రెండు చేతులూ జోడించాడు.

ఆ రాత్రి కంచం ఖాళీ చేశాడట.

అసలే విశ్వకర్మ పూజ రోజులు. ఆ పూజకి మా ఊళ్లో లేతు మిషను నుంచి రిక్షా దాకా రంగు పడని ఇనుము ఉండదు. పాత రంగుతో యంత్రాన్ని దేవుడి ముందు నిలబెట్టడమంటే తలంటు పోయకుండా పెళ్లికొడుకుని పీటలమీద కూర్చోబెట్టడమే. కలకత్తా నుంచి పెద్దమనిషి వస్తుంటే చిన్నాన్న ఊరుకుంటాడా? తుడవొద్దన్నారు కదా అని నేను గుర్తు చేశాను.

"పెద్దోలు అలాగే అంటారొరే. మనకెందుకు సెరమ అని అన్నారు. మనం సెయ్యాల," అన్నాడు.

చుట్టాలొచ్చి ఏమీ వద్దంటే వంట మానేస్తామా? నాకూ సబబుగానే తోచింది. గీకుడు కాగితంతో గీకాడు, పుట్టీ పెట్టాడు, ఎర్ర ఎనామిల్ రెండు పూతలు వేశాడు. నేనూ ఒక పూట బ్రష్ పట్టాను. వెలిసిన అక్షరాల చోట న్యూ సెటిల్‌మెంట్ పెయింటరు చేత తెల్లగా కొత్తవి రాయించాడు. ఆదివారానికి బంతిపూల దండ, పసుపు, కుంకుమ. బండి కొత్త పెళ్లికూతురులా ఉంది. చిన్నాన్న పాత ఖాకీ యూనిఫారం తొడుక్కుని పక్కన నిలబడ్డాడు.

ఆ నలుగురితో కలిసి వచ్చిన పెద్దమనిషి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత బండి తలుపుమీద గోటితో గీరి చూశాడు.

"అంతా పాడు చేసేశారు దాదా," అన్నాడు బెంగాలీలో, చచ్చినవాళ్ల ఇంట్లో మాట్లాడినట్టు మెల్లగా.

పాత రంగే దాని విలువ అని, ఇలాంటి కొత్త ఎరుపు ఏ గరాజులోనైనా దొరుకుతుందని చెప్పి, కారెక్కాడు. తిట్టలేదు. తిడితే మేమూ రెండు అనేవాళ్లం, కాస్త తేలికపడేవాళ్లం. చిన్నాన్న మాత్రం గంటమీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు, ఫొటో తీస్తారని. నలుగురిలో ఒకడు జాలిపడి కెమెరా ఎత్తి, తీసినట్టు నటించాడు. లెన్సు మూత తియ్యలేదు. నేను చూశాను. చిన్నాన్న నవ్వాడు.

దుర్గాపూజకి ముందే తుక్కువాళ్లు వచ్చి గ్యాస్‌తో కోశారు. ఎనామిల్ ఇంకా పూర్తిగా ఆరలేదేమో, నల్లటి పొగ వచ్చింది. చిన్నాన్న బకెట్‌తో నీళ్లు తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు. పాతికేళ్ల అలవాటు.

మొన్న షాపుకొచ్చిన ఒక కాలేజీ విద్యార్థి ఫోన్‌లో ఆ బండి కనిపించింది. తుప్పుతో ఉన్నప్పటిది. కింద వేలమంది ఎర్ర గుండెలు పెట్టారు. అప్పుడు చిన్నాన్న షాపులో నా పక్కనే ఉన్నాడు.

"ఏటి రాసినారొరే కింద?"

ఇంగ్లీషే, అయినా ఆ మాత్రం కూడబలుక్కోగలను. ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దును. ఊరందరికీ కల్పించి చెప్పే నోరే నాది. ఆయన మొహం చూస్తే అబద్ధానికి నోరు రాలేదు. చదువులేని చేతులు ఈ చరిత్రని చెరిపేశాయని రాశారు సిన్నాన్నా, అని చెప్పేశాను.

ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు.

"నా పేరు రాసినారేటి?"

"నేదు సిన్నాన్నా."

"రాయనేదా," అని ఫోన్ ఆ అబ్బాయికి జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. "మంచోలే."