నీళ్లపొయ్యిలో నట్టు

ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాను. మా బాబాయి గారు నవ్వేసి ఊరుకుంటారు. నిన్న మెకానిక్ షాపులో కిరోసిన్ వాసన తగిలేసరికి మళ్లీ ఒళ్లు మండింది.

నా చిన్నప్పుడు కొత్తపేటలో ఇంటి అరుగు మీద ఆయన బండి ఇంజను విప్పి, జిడ్డు నట్లను కొబ్బరి చిప్పల్లో పోసి, కిరోసిన్‌తో కడగమని నన్ను కూర్చోబెట్టి స్నానానికి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే ఒక నట్టు తగ్గింది.

"మింగేసేవేంట్రా? దొరికేదాకా లేవకు."

"నేను తియ్యలేదండి."

దొరక్కపోతే జన్మంతా అక్కడే అనుకున్నాను. పిల్లలంతా కాలువలో ఈతకు వెళ్లిపోయారు. సాయంత్రం పిన్ని గారు నీళ్లపొయ్యిలో బూడిద ఎత్తుతుంటే నట్టు బయటపడింది.

"ఏవండీ, పొద్దున్న స్నానానికి నీళ్లు కాగడానికని, లోపల నట్టుందో లేదో చూసుకోకుండా అరుగు మీది చిప్ప తీసి పొయ్యిలో వేసింది మీరు కాదేంటండీ?"

ఆయన నట్టు తుడిచి, బిగించి, బండెక్కి వెళ్లిపోయారు. నా వైపు చూడలేదు.

బాబాయి గారూ, నవ్వింది చాలు. ఆ రోజు తప్పెవరిదో మీ నోటితో చెప్పండి.