నా పాప మంజుల ఒడిలో పాలు తాగిన రోజులు

గద్వాలలో నేను స్టాఫ్ నర్సును. ఆ రోజు ఒక పేషెంట్‌ను స్కానింగ్‌కు పంపి దుప్పటి మారుస్తుంటే, పరుపులో ఉన్న సూది గ్లౌజు చీల్చుకుని నా బొటనవేలిలో దిగింది. మా వార్డులో అదొక పాడు అలవాటు. సెలైన్ కోసం నరానికి క్యాన్యులా పెట్టగానే దాని సూదిని పక్కన పరుపుకు గుచ్చి, ముందు ప్లాస్టర్ అంటిస్తాం. తర్వాత సూదుల డబ్బాలో వేయొచ్చులే అని. ఎవరు మరిచారని నేను అడగలేదు. అందరం గుచ్చేవాళ్ళమే.

సబ్బుతో కడుక్కుని డ్యూటీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఆ పేషెంట్ రిపోర్టు చూశారు. "ఈ పేషెంట్ హెచ్ఐవి పాజిటివ్ సిస్టర్. వైరస్ అంటుకోకుండా ఇప్పుడే పెప్ టాబ్లెట్లు మొదలుపెడదాం. నెలపాటు ఒక్క డోసు కూడా తప్పొద్దు" అన్నారు. నాకు ఐదు నెలల పాప ఉందని చెప్పాను. "మూడు నెలల టెస్టు అయ్యేదాకా పాలివ్వకండి."

అయిజలో మాది ఉమ్మడి ఇల్లు. డబ్బా పాలు పట్టిస్తే పాప కక్కేసింది. మా మరిది భార్య మంజులకూ చంటి కొడుకున్నాడు. "పరాయిదా ఏంది? మంజుల జర పాలియ్యదా? మా కాలంల గిట్లనే సాకినం" అంది మా అత్త. మంజుల టెస్టులు చూసి డాక్టరూ సరేనన్నారు.

పాప ఏడిస్తే నా జాకెట్టు తడిసేది. నేను బాత్‌రూంలో పాలు పిండి పారబోస్తుంటే, నా బిడ్డ పక్క గదిలో మంజుల దగ్గర గుటకలేసేది. కడుపులో తిప్పింది టాబ్లెట్లకో, కుళ్ళుకో చెప్పలేను. "మంజుల చేతిల పడ్డంక పిల్ల ఒళ్ళు చేసింది" అన్న పక్కింటామెతో వారం మాట్లాడలేదు. ఒకరోజు పాలు తాగుతున్న పాపను లాక్కున్నాను. "దాని కడుపు నిండనియ్యవా? నీ లొల్లి ఏంది?" అని మా ఆయన అరిచాడు.

ఆరు వారాల టెస్టు నెగెటివ్ వచ్చింది. "మంచిదే, కానీ ఇంకా ఆగాలి" అన్నారు డాక్టరు. అంతలో నా పాలు ఎండిపోవడం మొదలైంది.

మూడు నెలల రిపోర్టు కూడా నెగెటివే. ఇంటికొచ్చి, చీర కూడా మార్చకుండా పాపను రొమ్ముకు పెట్టుకున్నాను. మూతి ఆనించి, మొహం తిప్పేసింది. మంజుల వైపు చేతులు చాచింది. నాకు ఏడుపు ఆగలేదు.

"మొదట్ల నన్ను ముట్టనే లేదక్కా" అంది మంజుల. "నువ్వు ఇడిసిన చీర కప్పుకొని కూసుంటెనే తాగింది. నా పాలు తాగుకుంట నిన్నే దేవులాడింది. నాకెంత మండెనో నీకేం తెల్సు?"

ఆ మాటతో నా కడుపు చల్లబడిందని రాయాలని ఉంది. అంత తొందరగా చల్లబడలేదు. పాపను లాక్కోవడం మాత్రం మానేశాను.

ఇప్పుడు పాప నడుస్తోంది. అన్నం నా చేత్తోనే తింటుంది, నిద్రొస్తే మాత్రం మంజుల ఒడి వెతుక్కుంటుంది. నాకు ఇప్పటికీ కుళ్ళే.

తోటి సిస్టర్లకు ఒక్కటే చెప్తాను. సూదుల డబ్బాను మంచం పక్కకు తెచ్చుకున్నాకే క్యాన్యులా ముట్టండి. అయినా గుచ్చుకుంటే రక్తం కార్చాలని వేలు పిండకండి, కడుక్కుని వెంటనే డాక్టరుకు చెప్పండి. కుళ్ళుకోవడానికైనా మనిషి బాగుండాలి కదా.